సైన్స్ ఫిక్షన్ సెట్టింగ్ సప్లిమెంట్లు: గేమ్ మాస్టర్‌కు పనికొచ్చేది ఏది?

క్లుప్తంగా

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో ఆట జరిగే లోకాన్ని గేమ్ మాస్టర్ చేతికి అందించే పుస్తకాన్ని సెట్టింగ్ సప్లిమెంట్ అంటారు. సైన్స్ ఫిక్షన్‌లో ఇవి రెండు దారుల్లో పెరిగాయి. కొన్ని ఒక లోకాన్ని సాంతం వర్ణిస్తాయి, కొన్ని లోకాలను పుట్టించే పద్ధతి ఇస్తాయి. కొత్తగా ఆట నడిపేవారికి రెండో రకమే ఎక్కువ అక్కరకొస్తుంది, ఎందుకంటే సొంత ఓడ ఉన్న ఆటగాళ్లు ఎటు పోతారో ముందుగా ఎవరూ చెప్పలేరు. దూరం, ఆలస్యం, కొరత అనే మూడింటిని పుస్తకం ఎలా లెక్కగట్టిందో చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఈ మూడూ నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో కళ్లెదుటే ఉన్నాయి కాబట్టి ఇక్కడివారు సొంత సెట్టింగ్ తయారుచేసుకోవడానికి ముడిసరుకు కోసం దూరం పోనక్కర్లేదు.

మూడు రకాల పుస్తకాలు, ఒకటే అల్మారా

నెల్లూరులోనో ఒంగోలులోనో నలుగురైదుగురు స్నేహితులు కలిసి అంతరిక్షం నేపథ్యంగా రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడదామనుకుంటే, నిబంధనల కంటే ముందు పుస్తకాల ఎంపికే తికమక పెడుతుంది. ఆట తీరు తేలికైనదే. ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉండి పరిస్థితిని చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రను తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం ఖాయంగా తెలియని చోట పాచికలు వేస్తారు. గెలుపోటముల లెక్క ఉండదు. కలిసి అల్లుకునే కథే ఆట.

ఇందుకు అమ్మే పుస్తకాలు మూడు రకాలు. రూల్‌బుక్‌లో ఆట ఎలా ఆడాలో ఉంటుంది. అడ్వెంచర్ అనేది ఒకటి రెండు సాయంత్రాలకు సరిపడా సిద్ధంగా ఉన్న ఒక కథ. సెట్టింగ్ సప్లిమెంట్‌లో చోటు ఉంటుంది: గ్రహాలు, రేవులు, పాలకులు, సరుకులు, పాత పగలు. ఈ మూడింటినీ ఆన్‌లైన్ దుకాణాలు ఒకే పేజీలో కలిపి చూపిస్తాయి, చాలా పుస్తకాల్లో మూడూ తలా కొంచెం కలగలిసి కూడా ఉంటాయి. రూల్‌బుక్ అనుకుని సెట్టింగ్ కొన్నవారికి ఆట మొదలవదు. సెట్టింగ్ అనుకుని అడ్వెంచర్ కొన్నవారికి రెండో వారానికే సరుకు అయిపోతుంది.

మాంత్రికులు, రాకాసులు ఉండే ఫాంటసీ ఆటల్లో ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. కోట, అడవి, పూటకూళ్ల ఇల్లు అనగానే జానపద కథలు విని పెరిగినవారందరికీ ఒక బొమ్మ కళ్లకు కడుతుంది. అదే ఒక గ్రహం మీద దిగారంటే మొదటి నిమిషంలోనే ప్రశ్నలు వస్తాయి. ఊపిరి ఆడుతుందా? ఏ డబ్బు చెల్లుతుంది? తుపాకీ పట్టుకుని నడవొచ్చా? ఇంటికి కబురు పంపితే ఎన్నాళ్లకు అందుతుంది? వీటికి టేబుల్ చుట్టూ ఉన్న ఐదుగురి మనసుల్లో ఐదు జవాబులుంటాయి.

ఇంకో తేడా దీనికంటే పెద్దది. ఫాంటసీలో పాత్రలు కాలినడకన తిరుగుతాయి, కాబట్టి పక్క ఊరు సిద్ధం చేసుకుంటే చాలు. అంతరిక్షంలో పాత్రల చేతిలో ఓడ ఉంటుంది. గేమ్ మాస్టర్ వారమంతా కూర్చుని ఒక గ్రహాన్ని ముస్తాబు చేస్తే, ఆటగాళ్లు పైనుంచి చూసి "ఇక్కడ దిగొద్దులే, పక్కదానికి పోదాం" అనవచ్చు. సైన్స్ ఫిక్షన్ సప్లిమెంట్ల చరిత్రలో చాలా భాగం ఈ చిక్కుకు జవాబు వెతకడంతోనే గడిచింది.

నేపథ్యం: 1976, 1977

రోల్‌ప్లేయింగ్ గేముల్లో మొదటిగా ముద్రణకు వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974 నాటిది. దాన్ని ప్రచురించిన టీఎస్ఆర్ సంస్థే 1976లో జేమ్స్ ఎం. వార్డ్ రాసిన మెటామార్ఫసిస్ ఆల్ఫాను తెచ్చింది. తరాల తరబడి సాగే ప్రయాణంలో ఒక మహానౌక, అందులో పుట్టి పెరిగి తాము ఉన్నది నౌక అనే సంగతే మరిచిన జనం. ఆటగాళ్లు ఎటు నడిచినా ఆ నౌకలోనే ఉంటారు కాబట్టి గేమ్ మాస్టర్ లెక్క తప్పదు. లోకాన్ని గోడల మధ్య కట్టేయడం అలా మొదటి జవాబు అయింది.

మరుసటి ఏడాది, 1977లో, మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్‌ను గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ ఒక పెట్టెలో మూడు చిన్న నల్ల పుస్తకాలుగా విడుదల చేసింది. అది గోడలు కట్టలేదు. ఆకాశం మొత్తాన్ని తెరిచిపెట్టి, పాచికలతో గ్రహాలను పుట్టించే పట్టికలు ఇచ్చింది. ఆ తొలి పెట్టెలో సెట్టింగ్ అంటూ ఏదీ లేదు. తర్వాత సామ్రాజ్యంగా పేరుపడ్డ లోకం సప్లిమెంట్లు, అడ్వెంచర్ల ద్వారా కొద్దికొద్దిగా చేరింది. 1979లో వచ్చిన మూడో సప్లిమెంట్ స్పిన్‌వార్డ్ మార్చెస్ అనే సరిహద్దు సెక్టార్‌లో (అంతరిక్షంలో ఒక పెద్ద విభాగంలో) నాలుగు వందలకు పైగా గ్రహాలను సన్నటి పుస్తకంలో ఇమిడ్చింది. అన్ని గ్రహాలు అంత చిన్న పుస్తకంలో ఎలా పట్టాయన్నది తెలిస్తే ఈ ప్రక్రియ మర్మం సగం తెలిసినట్టే.

ఒక్క వరుసలో ఒక గ్రహం

ట్రావెలర్ ప్రతి గ్రహాన్నీ ఎనిమిది గుర్తుల్లో రాస్తుంది. రేవు స్థాయి, గ్రహం పరిమాణం, వాతావరణం, నీరు, జనాభా, ప్రభుత్వం, చట్టం, సాంకేతిక స్థాయి, ఇదే వరుస. ఉదాహరణకు ఒక గ్రహానికి "సి 5 4 1 6 6 9 8" అని వచ్చిందనుకోవాలి.

సి అంటే మామూలు రేవు. మరమ్మతులు ఓ మాదిరిగా జరుగుతాయి, కానీ శుద్ధి చేయని ఇంధనం మాత్రమే దొరుకుతుంది. 5 అంటే అడ్డుకొలత సుమారు 8,000 కిలోమీటర్లు, భూమి కంటే బాగా చిన్నది. వాతావరణం 4 అంటే గాలి పలచన, పైగా కలుషితం, ఫిల్టర్ మాస్కు లేనిదే బయట తిరగలేరు. నీరు 1 అంటే ఉపరితలంలో పదో వంతు మాత్రమే. జనాభా 6 అంటే లక్షలు దాటి పది లక్షల స్థాయిలో. ప్రభుత్వం 6 అంటే ఇది ఎవరి చేతిలోనో ఉన్న వలస, పాలకులు బయటివారికి జవాబు చెప్పుకునేవారు. చట్టం 9 అంటే ఇంటి గడప దాటితే ఏ ఆయుధమూ ఉండకూడదు. సాంకేతికత 8 అంటే దాదాపు మన కాలం.

ఈ అంకెలు దేనికది విడిగా పడవు. వాతావరణం పాచికకు గ్రహం పరిమాణం కలుస్తుంది, ప్రభుత్వం పాచికకు జనాభా కలుస్తుంది, చట్టం పాచికకు ప్రభుత్వం కలుస్తుంది. చిన్న గ్రహానికి గాలి నిలవదు, జనం పెరిగితే పాలన బరువెక్కుతుంది అన్న ఊహలు లెక్కలోనే ఇమిడి ఉన్నాయి. పైగా రెండు పాచికలు వేస్తే వచ్చే 36 కలయికల్లో 7 ఆరుసార్లు వస్తుంది, 2 గానీ 12 గానీ ఒక్కోసారే వస్తాయి. అందువల్ల ఎక్కువ గ్రహాలు మధ్యస్తంగా ఉంటాయి, అరుదుగా ఒకటి వింతగా తేలుతుంది. ఆ వింతకు కారణం చెప్పడం గేమ్ మాస్టర్ పని, కథ పుట్టేది కూడా అక్కడే. నీళ్లు లేని, గాలి బాగోని గ్రహం మీద అంతమంది ఎందుకున్నారు? బయటివాళ్లు దాన్ని ఎందుకు వదలడం లేదు? ఆయుధాల మీద అంత కట్టడి ఎవరికి భయపడి?

ఇంకొక అడుగు వేస్తే పట్టిక చెప్పని సంగతి కూడా బయటపడుతుంది. ఈ ఆటలో ఓడలు హైడ్రోజన్‌తో నడుస్తాయి, దాన్ని నీటి నుంచి తీసుకోవచ్చు. 200 టన్నుల చిన్న వర్తక నౌక ఒక పార్సెక్ (నక్షత్రాల మధ్య దూరాన్ని కొలిచే ప్రమాణం) దూకడానికి 20 టన్నుల హైడ్రోజన్ కావాలి. నీటి బరువులో హైడ్రోజన్ తొమ్మిదో వంతు, అంటే సుమారు 180 టన్నుల నీళ్లు. 5,000 లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్ లెక్కన 36 ట్యాంకర్లు. ఫ్లోరైడ్ నీళ్లతో అవస్థ పడి, వేసవిలో ట్యాంకర్ రాక కోసం బిందెలు వరుసపెట్టే కనిగిరి వైపు ఊళ్ల గురించి తెలిసిన గేమ్ మాస్టర్‌కు ఈ అంకె ఏమిటో విప్పి చెప్పక్కర్లేదు. పాత్రల ఓడ రేవులో దిగి ఇంధనం అడగడమే ఆ గ్రహం మీద గొడవకు కారణమవుతుంది. టేబుల్ దగ్గర అది ఇలా నడుస్తుంది:

"ఓడ దిగేతలికే మాస్కు మీటరు ఎర్రగా మెరస్తా ఉంది. ఫిల్టరు రెండు గంటలకే సరిపోద్ది. రేవు గేటు కాడ నీళ్ల కోసం వంద మంది నిలబడుండారు. మీ ఓడకు పోసే పైపు వాళ్ల నెత్తిమీదగానే పోతా ఉంది. ఏం చేస్తారు?"

"ఆ పైపు ఎవురిదబ్బయా?"

"గవర్నర్ బామ్మర్దిది."

రెండు పేజీల వర్ణన చదివి వినిపించినా రాని ఊపు ఒక్క వరుస అంకెల నుంచి వచ్చింది. ఒక సప్లిమెంట్‌ను తూకం వేయడానికి ఇదే సరైన రాయి: అది ఇచ్చిన సమాచారం నుంచి ఆటగాళ్లు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటైనా పుడుతోందా లేదా.

కబురు ఎంత ఆలస్యంగా వస్తుంది

ట్రావెలర్‌లో ఎనిమిది అడ్డం, పది నిలువు చొప్పున 80 షట్కోణ గడులు కలిస్తే ఒక సబ్‌సెక్టార్. ఒక్కో గడి ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. ఒక్కో గడికి పాచిక వేస్తే సగం గడుల్లో గ్రహం పడుతుంది. ఓడ ఒక్క దూకుకు ఒకటి నుంచి ఆరు పార్సెక్‌ల వరకు పోగలదు, ఎంత దూరం దూకినా సుమారు వారం పడుతుంది. ఓడ కంటే వేగంగా కబురు పంపే సాధనం లేదు. ఈ ఒక్క నియమం వెనుక పెద్ద ఆలోచన ఉంది.

ఒక్కో పార్సెక్ చొప్పున దూకే ఓడకు ఆరు గడుల అవతలి వార్త చేరాలంటే కనీసం ఆరు వారాలు. కాబట్టి రాజధాని నుంచి ఆజ్ఞ వచ్చేలోగా సరిహద్దు అధికారి సొంతంగా తేల్చుకోవాలి. వర్తకుడు ధర తెలియకుండానే సరుకు ఎక్కించాలి. నేరం చేసినవాడికి వార్త కంటే ముందు పారిపోయే అవకాశం ఉంటుంది. రాజు, సామంతుడు, దళారి, పారిపోయిన ఖైదీ, ఇన్ని పాత్రలకు చోటు దొరికింది కేవలం ఆలస్యం వల్లనే. ఫోన్ తీసి అడిగితే తేలిపోయే లోకంలో సాహసానికి అవకాశం తక్కువ. సప్లిమెంట్ కొనేముందు చూడాల్సిన మొదటి పేజీ ప్రయాణం, సమాచారం గురించి చెప్పే పేజీ. అక్కడ స్పష్టత లేకపోతే ఎన్ని రంగుల పటాలున్నా ఆట తేలిపోతుంది.

ట్యాగులు, వర్గాలు, మడత కాగితాలు

2010లో కెవిన్ క్రాఫోర్డ్ తెచ్చిన స్టార్స్ వితౌట్ నంబర్ ఈ పద్ధతిని కొత్త తరానికి తగ్గట్టు మలిచింది. 2017లో సవరించిన కూర్పు వచ్చింది, అందులో ఉచిత ప్రతి కూడా ఉంది. ఇందులో ప్రతి గ్రహానికీ రెండు ట్యాగులు పాచికతో వస్తాయి. ఒక్కో ట్యాగు కింద శత్రువులు, మిత్రులు, చిక్కులు, వస్తువులు, స్థలాలు అని ఐదు వరుసలుంటాయి. ట్రావెలర్ అంకెల నుంచి మనిషిని ఊహించుకోవాల్సి వచ్చేది. ఇక్కడ మనిషి ముందే సిద్ధంగా ఉంటాడు. రెండు ట్యాగులూ ఒకదానికొకటి పొసగనివి అయినప్పుడే గ్రహం బాగా పండుతుంది. వాటిని కలిపే కారణం వెతకడం గేమ్ మాస్టర్‌కు సగం పని తగ్గించి, సగం ఆనందం మిగులుస్తుంది.

ఈ పుస్తకం చరిత్రను వాడుకున్న తీరు కూడా గమనించదగ్గది. ఆట జరిగేది 3200వ సంవత్సరంలో. అంతకు ఎన్నో తరాల ముందు ఒక మహా విపత్తులో గ్రహాల మధ్య రాకపోకలు తెగిపోయాయి. అందువల్ల ఏ గ్రహం దారి దానిది అయింది. ఒకచోట నాగలి, పక్కచోట రోబో ఉన్నా ఎందుకని ఎవరూ అడగరు. పాచికలు వేసి పుట్టించే గ్రహాలు ఒకదానికొకటి అతకవు అనే ఫిర్యాదును చరిత్రే ముందుగా తీర్చేసింది.

ఇందులోని ఇంకో సాధనం వర్గాల వంతు. ఆటగాళ్లు లేని సమయంలో కూడా లోకంలోని సంస్థలు కదులుతాయి. బలం, తెలివి, సంపద అనే మూడు కొలతలతో ఒక్కో వర్గం ఆస్తులు కొంటుంది, ఎదుటివర్గంపై దాడి చేస్తుంది. రెండు ఆటల మధ్య విరామంలో గేమ్ మాస్టర్ ఒంటరిగా కూర్చుని ఈ పాచికలు వేసుకుంటే, వచ్చేవారం రేవులో వినిపించే పుకార్లు సిద్ధమైనట్టే.

2018లో మొదలైన మదర్‌షిప్ మరో దారి పట్టింది. అది అంతరిక్షంలో భయానక కథల ఆట. కొన్ని అడ్వెంచర్లు మూడు మడతల కాగితం మీద ఇమిడిపోతాయి. దాని సప్లిమెంట్లలో ఒకదాంట్లో ఒక అంతరిక్ష కేంద్రం ఉంది, అక్కడ పీల్చే గాలికి పన్ను కట్టాలి, కట్టలేనివారు అడుగు అంతస్తుకు పోవాల్సిందే. ఆ ఒక్క నియమం అక్కడి రాజకీయం, నేరం, దయ అన్నింటినీ నడిపిస్తుంది.

వర్ణన పెరిగిన పుస్తకాల కథ

పెద్ద పుస్తకాలకు విలువ లేదనడం అన్యాయం. 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ తెచ్చిన స్టార్ వార్స్ రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకాలు ఎంత పకడ్బందీగా ఉన్నాయంటే, తర్వాత ఆ లోకంలో నవలలు రాసినవారికి వాటినే ఆధార గ్రంథాలుగా ఇచ్చారు. శాస్త్రీయంగా గ్రహ వ్యవస్థను కట్టాలనుకునేవారికి స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి గర్ప్స్ స్పేస్ నక్షత్రం రకం నుంచి ఉపగ్రహాల దాకా వివరంగా లెక్క నేర్పుతుంది.

అయితే వర్ణన ఎక్కువైన కొద్దీ రెండు బరువులు పెరుగుతాయి. గేమ్ మాస్టర్ చదవాల్సింది పెరుగుతుంది, తప్పు చెబుతానేమోనన్న జంకూ పెరుగుతుంది. పుస్తకం చదివిన ఆటగాడు "ఆ గ్రహానికి రాణి ఉంది కదా" అని అడ్డు తగిలితే ఆట ఆగుతుంది. కొత్తవారు పుస్తకంలో ఒక మూలను తీసుకుని మిగతాదాన్ని పక్కన పెట్టేయడం మంచిది.

నెల్లూరు, ప్రకాశం నేల మీద

విదేశీ సప్లిమెంట్లలో సరిహద్దు గ్రహం అనగానే అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల కాపరి పట్టణం ఛాయలు కనిపిస్తాయి. రాసినవారి నేల అది. ఇక్కడివారికి ఆ అనుభవం అరువు సొమ్ము. చేతికందే దూరంలో ఉన్నవాటిని చూస్తే ఇంకా పదునైన సెట్టింగ్ వస్తుంది.

శ్రీహరికోటతోనే మొదలుపెట్టవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన దాకా అది నెల్లూరు జిల్లాలో భాగం, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఆ దీవి నుంచి 1971 అక్టోబర్ 9న రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై, 1980 జులై 18న రెండోది ఫలించింది. తూర్పున అంతా సముద్రం కావడం, భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల భూభ్రమణం తోడు రావడం ఆ చోటుకు ఉన్న బలాలు. లోపం కూడా ఒకటుంది. ధ్రువ కక్ష్యకు దక్షిణంగా వెళ్లే రాకెట్ శ్రీలంక మీదుగా పోకుండా దారి మళ్లాలి, ఆ మలుపు ఇంధనాన్ని తిని మోసే బరువును తగ్గిస్తుంది. చిన్న రాకెట్లకు ఈ నష్టం మరీ భారం. అందుకే తమిళనాడు దక్షిణాన కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది.

దీన్ని సెట్టింగ్‌లోకి మారిస్తే వచ్చేది ఇది: ఒక పాత రేవు గ్రహం, దాని దారికి అడ్డంగా పొరుగు రాజ్యపు ఆకాశం, ప్రతి ఓడా చుట్టు తిరిగి ఇంధనం నష్టపోతోంది. ఇంతలో అడ్డులేని చోట కొత్త రేవు కడతారన్న వార్త. పాత రేవును నమ్ముకున్న మెకానిక్కులు, భోజన హోటళ్లవాళ్లు, దళారులు ఏమవుతారు? పొరుగు రాజ్యం దారి ఇవ్వడానికి ఏం అడుగుతుంది? రెండు పార్సెక్‌ల పటంలో ఇన్ని వర్గాలు పుట్టాయి.

వర్గాల వంతుకు తెలుగుగంగ కంటే మంచి పాఠం దొరకడం కష్టం. కృష్ణా నీటిలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకుని చెన్నైకి ఇచ్చేందుకు 1976లో ఒప్పుకున్నాయి. దారిలో ఆవిరైపోయేది పోగా 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దులో అందించాలని 1983 ఒప్పందం. ఆ నీళ్లు సోమశిల, కండలేరు మీదుగా కాలువలో తమిళనాడులోని పూండి జలాశయం చేరతాయి. కాలువ పాడైనప్పుడు దాన్ని బాగుచేయించింది సత్యసాయి ట్రస్ట్. ఇచ్చేవాళ్లు ముగ్గురు, దప్పిక ఒకరిది, నీరు పారే నేల ఇంకొకరిది, కాలువ బాగుచేసినవారు ప్రభుత్వమే కాదు. కాలువ గట్టున ఎండిన చేలు పెట్టుకుని పారే నీటిని చూసే రైతు మరో వర్గం. నీళ్ల బదులు హైడ్రోజన్, కాలువ బదులు ట్యాంకర్ నౌకల వరుస అని రాసుకుంటే ఐదు వర్గాల సబ్‌సెక్టార్ సిద్ధం. ఇందులో ఒక్కరినీ పూర్తి దుర్మార్గుడిగా చూపాల్సిన అవసరం లేకపోవడం దీనికున్న పెద్ద బలం.

ఊపిరి మీద పన్ను అనే ఊహకు ఇక్కడి రూపం రొయ్యల చెరువు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ అందుకోకపోతే పంట పైకి తేలుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువు గట్టు మీద కాపలా పడుకునేవారికి మోటారు చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. అంతరిక్ష కేంద్రంలో గాలి పంపు చప్పుడు ఆగిన క్షణాన్ని చెప్పాల్సిన గేమ్ మాస్టర్‌కు దీనికి మించిన ఆధారం అక్కర్లేదు. మన దేశానికి 2009లో అనుమతితో వచ్చిన వనామీ రకానికి తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో వచ్చి చెన్నైలో క్వారంటైన్ దాటి హేచరీలకు చేరతాయి. సీడ్ (రొయ్య పిల్లలు) ఒకచోట, పెంపకం ఒకచోట, కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను) బట్టి ధర నిర్ణయించే మార్కెట్ ఇంకెక్కడో. ఈ గొలుసులో ఏ కొస తెగినా ఊరు అప్పులపాలవుతుంది. అంతర్‌గ్రహ వ్యాపారానికి ఇది అచ్చంగా సరిపోతుంది.

చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, నల్లమల కింద సుమారు 19 కిలోమీటర్ల చొప్పున తవ్విన వెలిగొండ జంట సొరంగాలు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో ఒడ్డున నిలిచే బోట్లు కూడా ఇలాగే పనికొస్తాయి. జాగ్రత్త ఒకటి మాత్రం తీసుకోవాలి. శ్రీహరికోట యానాదుల్లాంటి నిజమైన జనసమూహాన్ని వింత గ్రహవాసులుగా మార్చడం తగదు. కొరతను, దూరాన్ని, ఒప్పందాన్ని అరువు తెచ్చుకోవాలి, మనుషులను కాదు.

తెలుగులో తేవాలంటే: హక్కుల సంగతి

తెలుగులో సప్లిమెంట్లు దాదాపు లేవు కాబట్టి అనువాదం చేసుకుందామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం అనువాద హక్కు కూడా రచన హక్కుదారుదే. రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఆ రక్షణ ఉంటుంది. ఉచితంగా దొరికే పీడీఎఫ్ అంటే అనువదించి పంచుకోవచ్చని అర్థం కాదు. మరోవైపు ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తపరిచిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండు పాచికలు వేసి గ్రహం పరిమాణం తేల్చడం అనే పద్ధతిని వాడుకుని సొంత మాటల్లో సొంత పట్టిక రాసుకోవడానికీ, ఒకరి పట్టికను వాక్యం వాక్యం తెలుగు చేయడానికీ ఉన్న తేడా ఇదే.

బహిరంగ లైసెన్సుల దారి ఇంకా తేలిక. 2023 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నిబంధనలతో ఇతరులు సొంత పుస్తకాలు తేవడానికి వీలిచ్చే పాత ఓపెన్ గేమ్ లైసెన్సును మార్చబోతున్నారన్న వార్తపై పెద్ద నిరసన రేగింది. ఆ నెలలోనే ప్రచురణకర్తలు వెనక్కి తగ్గి 5.1 రిఫరెన్స్ నిబంధనలను (ఆటలోని ముఖ్య నిబంధనల పత్రాన్ని) క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 4.0 కింద విడుదల చేశారు. అంటే మూలాన్ని పేర్కొని అనువదించవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. 2009 నాటి సైన్స్ ఫిక్షన్ ఆట ఎక్లిప్స్ ఫేజ్ కూడా క్రియేటివ్ కామన్స్ కిందే వచ్చింది, అయితే దానిది వాణిజ్యేతర షరతు. లైసెన్సు పేరులో ప్రతి మాటా చదివాకే పని మొదలుపెట్టాలి.

ఖర్చు, పాచికలు, మొదటి పటం

విదేశాల నుంచి ముద్రిత పుస్తకం తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిసి మోత మోగుతుంది కాబట్టి ఎక్కువమంది పీడీఎఫ్‌తోనే సరిపెట్టుకుంటారు. పాచికల విషయంలో ట్రావెలర్ అందరికీ అందుబాటు, మామూలు ఆరు ముఖాల పాచికలు రెండుంటే చాలు. మదర్‌షిప్‌కు ముఖ్యంగా పది ముఖాలవి, స్టార్స్ వితౌట్ నంబర్‌కు ఇరవై ముఖాల దాకా రకరకాలవి కావాలి. అవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే, లేదంటే ఫోన్ యాప్‌తో నడపవచ్చు.

మొదటి ఆటకు 80 గడులు నింపడం వృథా శ్రమ. పది గడులు గీసి, పడిన నాలుగైదు గ్రహాలకు ఎనిమిది గుర్తుల వరుస రాసి, వాటి మధ్య నీరో గాలో ఇంధనమో ఏదో ఒక కొరతను పెట్టి, ఆ కొరతతో బతికే వర్గం ఒకటి, దాంతో నష్టపోయే వర్గం ఒకటి ఎంచుకుంటే మూడు నాలుగు సాయంత్రాలు గడుస్తాయి. ఆట ముగిసే ముందు, వచ్చేవారం ఓడ ఎటు పోతుందో ఆటగాళ్లను అడిగి చెప్పించుకోవాలి. మిగతా గడులకు పాచికలు అటువైపు మాత్రమే వేసుకుంటే సరిపోతుంది.